పాదు మరిచిన నగరం



వృక్షశాస్త్రవేత్తలు, రోడ్డు ఇంజనీర్లు, నగర ప్రణాళికలు గీసేవారు ఒకే సభలో కూర్చోవడం అరుదు. ఇటువంటి సభకు నన్ను అధ్యక్షుణ్ణి చేసిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది దాకా దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. కొమ్మల మాట అందరూ చెప్పుకుంటారు. నేను వేళ్ల మాట ఎత్తుతాను. ఆ ఉరవడిలో చెట్టును పెళ్లగిల్లకుండా పట్టి ఉంచినవి అవే కదా.

అలాంటి వేళ్లకు మన ప్లానుల్లో చోటు లేదు. అక్కడ చెట్టంటే ఒక పచ్చ చుక్క. రోడ్డు, డ్రైనేజీ, కేబుళ్లు, పార్కింగ్ పోగా మిగిలిన జానెడు చోట పెట్టే చుక్క. చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పై మీటరు మట్టిలోనే ఉంటుంది. కొమ్మల నీడ దాటి పక్కలకు పాకుతుంది. వేళ్లకు నీరెంత అవసరమో గాలీ అంతే. రోలరు తొక్కిన నేలలో మట్టి సందులు మూసుకుపోయి నీరు దిగదు, గాలి ఆడదు. అక్కడి చెట్టు కూలితే నెపం గాలివాన మీదికి నెడతాం.

పెరట్లో మొక్క పెట్టే అవ్వ ముందు పాదు చేస్తుంది. మొక్క ఎదిగేకొద్దీ పాదునూ వెడల్పు చేస్తుంది. నగరంలో మాను లావెక్కుతుంటే పేవర్ బ్లాకులు మొదలు దాకా వస్తాయి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించాల్సి వచ్చింది. ఆ మీటరు ఉరి సడలిస్తుంది గానీ ఆకలి తీర్చదు.

ఆకలి తీరాలంటే బాట కిందా వేళ్లకు చోటు కావాలి. స్టాక్‌హోమ్‌లో బాట కింద 100 నుంచి 150 మిల్లీమీటర్ల సైజు కంకర పరిచి, రాళ్ల సందుల్లోకి మట్టి, కట్టెబొగ్గు దించుతున్నారు. బరువు రాళ్లు మోస్తాయి, సందుల్లో వేళ్లు పాకుతాయి, వాననీరు అక్కడికే ఇంకుతుంది. మన నేలమీదా వేళ్లకు దారి చేసేవారున్నారు: కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు లేత ఊడలను మట్టీ ఎరువూ నింపిన వెదురు బొంగుల్లోంచి నేలకు చేరుస్తారు. ఊడ దిగే చోటు ఇవ్వలేని చౌరస్తాలో మర్రి నాటకండి. అక్కడ కానుగ చాలు.

కనుక నా మనవి ఒక్కటే. ప్లానులో మొదటి గీత పాదుది కావాలి. నాటిన మొక్కల లెక్క పక్కనే, చెట్టుకు ఎన్ని ఘనమీటర్ల మట్టి ఇచ్చామో టెండరులో రాయాలి. కేబుల్ తవ్వకం ఆ గీత తొక్కకూడదు. ఖర్చు పెరుగుతుంది, పార్కింగ్ తగ్గుతుంది. ఆ సంగతి దాచకుండానే చర్చిద్దాం.

ఈ సభలో మీ ముందుకొచ్చే ప్రతి పటాన్నీ అడగండి: ఇందులో పాదు ఎక్కడ?