పట్టుపురుగు కణంలో దొంగ కాపురం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇంజనీరును గదా, పంపుల గురించో పైపుల గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను మాట్లాడబోయేది పట్టుపురుగు గురించి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల నుంచి వచ్చిన మనలో ఎంతమంది ఫీజులు గూళ్లు అమ్మిన డబ్బుతో కట్టామో నేను చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో ఒకసారి నాలుగో జ్వరం లేచాక పురుగులు ఒక సైజులో లేవు. కొన్నిటి ఒంటిమీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు. మా నాయన తట్టల్లోని పురుగులన్నీ గట్టుమీద పోసి కాల్చేశాడు. అప్పు మాత్రం కాలలేదు.

ఆ రోగం పెబ్రిన్. తెచ్చేది నొసీమా బాంబిసిస్ అనే సూక్ష్మజీవి. దాని బీజం పొడవు మిల్లీమీటరులో దాదాపు 250వ వంతు. ఆకుతోపాటు పురుగు కడుపులోకి పోతుంది. అక్కడి క్షారం తగలగానే బీజం లోపల ఒత్తిడి పెరుగుతుంది. స్ప్రింగులా చుట్టుకుని ఉన్న సన్నటి గొట్టం, చొక్కా చేతిని తిరగేసి లాగినట్టు, రెప్పపాటులో బయటికి దూసుకొచ్చి పేగు కణంలో గుచ్చుకుంటుంది. బీజంలోని జీవపదార్థమంతా ఆ గొట్టంలోంచే కణంలోకి దిగుతుంది. ఒత్తిడితో నడిచే యంత్రాలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇంత పొందికైన డిజైను నేను చూడలేదు. పగవాడిదైనా మెచ్చుకోవాల్సిందే.

ఇక్కడే ఇంకో సంగతి. పురుగు కణాల్లోనూ మన కణాల్లోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా ఒకప్పుడు బయటి బాక్టీరియానే. వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట మరో కణంలో చేరి, శక్తినిస్తూ ఇంటిమనిషై పోయింది. లిన్ మార్గులిస్ 1967లో ఈ మాట రాస్తే చాలామంది నమ్మలేదు. నొసీమాది దీనికి తలకిందుల కథ. తన శక్తి యంత్రాన్ని దాదాపుగా పోగొట్టుకుని, చేరిన కణం సంపాదించిందే దోచుకుని బతుకుతుంది. ఒకరిది బాడుగ కట్టే కాపురం, ఇంకొకరిది కన్నం వేసిన కాపురం.

కణంలో దూరిందంటే రైతు చేతిలో మందు లేదు. తల్లి నుంచి గుడ్డులోకీ పోతుంది. అందుకే 1860లలో ఫ్రాన్సులో పాశ్చర్ గుమ్మం దగ్గరే ఆపే దారి చూపాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి మైక్రోస్కోపులో చూడాలి. మెరిసే కోడిగుడ్డు ఆకారపు బీజాలు కనిపిస్తే ఆ గుడ్లు కాల్చెయ్యాలి. ఇప్పటికీ గుడ్ల కేంద్రాల్లో చేసేది అదే.

మన సంఘం బడికి మైక్రోస్కోపు కొనిస్తోందని విన్నాను. ఉల్లిపొర చూడడానికి చిన్నది చాలు. పట్టు రైతుల పిల్లలు ఈ బీజాన్ని కళ్లారా చూడాలంటే మాత్రం 600 రెట్లు పెద్దదిగా చూపేది కావాలి. తగ్గిన డబ్బు నేనిస్తాను.