నడకకు ఒక రిజిస్టరు
(అమృతలూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఎప్పుడూ డి.ఏ. బకాయిల గురించి మాట్లాడే నన్ను ఈసారి ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. తాలూకా ఆఫీసులో చేరి మండలాఫీసులో రిటైరైన గుమాస్తాను. కనుక రిజిస్టరు రాయడం వరకు చెప్పగలను.

మా చెల్లెలి కూతురికి ముప్పై నాలుగేళ్ళు. నాలుగేళ్ళ క్రితం నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోయేది, జారినట్టు ఆమెకే తెలిసేది కాదు. ఆ చెప్పుకు ముందు అంచు ఒక్కటే అరిగేది. మధ్యాహ్నం అయ్యేసరికి మంచమెక్కేది. “ఈ కాలం పిల్లలకు పనంటే బద్ధకం” అని ఆమె వినేటట్టే అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. గుంటూరులో స్కానింగు తీశాక అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు.

కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే నరానికీ ఒక పొర ఉంటుంది, పేరు మైలిన్. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే ఆ పొరను శత్రువనుకొని దెబ్బతీస్తుంది. అప్పుడు మెదడు పంపిన కబురు కాలికి ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు. 1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు దీన్ని వివరంగా వర్ణించాడు. ఎక్కువగా 20 – 40 ఏళ్ళ మధ్య వస్తుంది, మగవారికంటే ఆడవారికి ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఈ జబ్బు పేరు ఉన్నది. సర్టిఫికెట్ కోసం తిరిగేవారు గుర్తుంచుకోండి.

ఇక నడక సంగతి. ఆసుపత్రిలో 25 అడుగుల దూరం నడిపించి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. 1983లో కర్ట్జ్‌కే అనే అమెరికా వైద్యుడు ప్రకటించిన 0 నుంచి 10 దాకా ఒక కొలమానం కూడా ఉంది. అందులో 6 అంటే, నూరు మీటర్లు నడవాలంటే ఒక కర్రో, ఒక పక్క ఆసరానో కావాలని అర్థం. మంచి పద్ధతులే. కానీ ఇవి మన ఆఫీసు ఇన్‌స్పెక్షన్ వంటివి. కలెక్టరుగారు వచ్చిన రోజున ఏ ఆఫీసులో బీరువా చిందరవందరగా ఉంటుంది? మా పిల్ల పొద్దుటిపూట, ఏ.సి. గదిలో చక్కగానే నడిచేది. “మావయ్యా, డాక్టరుగారు నన్ను మధ్యాహ్నం రెండింటికి మన పెరట్లో చూస్తే కదా!” అనేది.

ఆ లోటు పూడ్చడానికే ఒంటికి కట్టుకునే సెన్సార్లు వచ్చాయి. అగ్గిపెట్టెంత పరికరం నడుముకో, చీలమండకో కడతారు. లోపల ఒక భాగం కదలికలోని వేగం మార్పును, మరొకటి తిరుగుడును సెకనుకు ఎన్నోసార్లు నమోదు చేస్తాయి. అడుగుకూ అడుగుకూ మధ్య ఎంత సేపు, రెండు కాళ్ళూ సమానంగా పడుతున్నాయా, తిరిగేటప్పుడు తూలుతున్నారా అన్నవి దానినుంచి లెక్క కడతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు ఈ జబ్బున్న 95 మంది చేతులకు ఏడాదిపాటు అడుగులు లెక్కించే పట్టీలు కట్టించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. రోజువారీ అడుగులు తగ్గుతూ వచ్చినవారిలో వైకల్యం పెరగడం కనిపించింది.

మా అబ్బాయి అటువంటి చేతిపట్టీ ఒకటి తెచ్చాడు. గుమాస్తా బుద్ధి కదా, ముందు దాన్నే తనిఖీ చేశాను. కాలవ గట్టు మీద 200 అడుగులు లెక్కపెట్టి నడిస్తే 194 చూపింది. కర్ర పట్టుకున్న చేతికి కట్టి మెల్లగా నడిస్తే 120 కూడా దాటలేదు. చెయ్యి ఊగకపోతే దానికి అడుగు తెలియదు. మనలో కర్ర, వాకరు వాడేవారు చేతిపట్టీ లెక్క నమ్మవద్దు.

మేనకోడలు అప్పటికి కర్ర పట్టలేదు గనుక ఆమెకు కట్టాము. నేను తెల్ల నోటుబుక్కులో గడులు గీశాను: తేదీ, అడుగులు, ఎండ, కరెంటు పోయిన గంటలు, పడిపోతే ఆ వివరం. జనవరిలో రోజుకు 5,000 ఉన్న అడుగులు మే నెలకు 3,000కు పడిపోయాయి. ఇల్లంతా బెంగపడ్డాం. డాక్టరుగారు పుస్తకం తిరగేసి, ఎండ గడి మీద వేలు పెట్టారు. ఒంటి వేడి పెరిగితే దెబ్బతిన్న నరం మరింత మందగిస్తుందట. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని గుర్తించాడట. “చల్లబడ్డాక పెరుగుతాయేమో చూద్దాం, రాయడం మానకండి” అన్నారు.

వానలు పడ్డాయి. నాట్లయ్యాయి. సెప్టెంబరు వచ్చినా అంకె 3,000 దగ్గరే ఉంది. 25 అడుగుల పరీక్షలో మాత్రం పెద్ద తేడా లేదు. ఆ పుస్తకం చూసే డాక్టరుగారు మళ్ళీ స్కానింగు రాశారు. వెన్నుపాములో కొత్త మచ్చ కనిపించింది. మందు మార్చారు. పోయిన కాలిబలం పూర్తిగా రాలేదు, కానీ ఏడాదిగా అంకె ఇంకా కిందికి దిగలేదు. ఇప్పుడు బయటకు వెళితే కర్ర పడుతుంది, పట్టీ చేతినుంచి చీలమండకు మారింది.

మా మండలం 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళినా, ఆసుపత్రికి మాకు గుంటూరే. నోటుబుక్కు మాత్రం ఇంట్లోనే. గడులు గీసిన కాగితం జిరాక్సులు కార్యదర్శిగారి బల్ల మీద పెట్టాను. ఇంట్లో నడక కష్టమైనవారు ఎవరున్నా తలా ఒకటి తీసుకువెళ్ళండి.