పసిపిల్లల చేతిలో ఫోన్: తల్లిదండ్రుల బాధ్యత

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. మనల్ని ఉనికిలోకి తెచ్చి, సంతానాన్ని ప్రసాదించి, ఆ సంతానాన్ని మన వద్ద అమానతుగా ఉంచినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మనం తల్లి గర్భం నుండి ఏమీ ఎరుగని స్థితిలో బయటికి వచ్చామనీ, అల్లాహ్ మనకు చెవులను, కళ్ళను, హృదయాన్ని ఇచ్చాడనీ అన్ నహ్ల్ సూరా 78వ ఆయత్ గుర్తు చేస్తోంది. ఈ మూడింటిని గురించి ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయత్ హెచ్చరిస్తోంది. మన కళ్ళు చూసినదానికి మనం జవాబు చెప్పుకుంటాం. మరి రెండేళ్ళ పసిబిడ్డ కళ్ళ ముందు ఏముంచామన్న ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పాలి? మనలో ప్రతి ఒక్కరూ కాపరులేననీ, ప్రతి కాపరినీ తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం).

2020లో బడులు మూతపడినప్పుడు పాఠాల కోసం స్మార్ట్‌ఫోన్ మన ఇళ్ళలో పిల్లల చేతికి వచ్చింది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు అందాయి. పెద్దపిల్లల చదువు కోసం వచ్చిన పరికరం, వారి పక్కనున్న చిన్నపిల్లల చేతికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. నేడు దాచేపల్లిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ బిడ్డ ముద్ద మింగాలంటే ఫోన్, ఏడుపు మానాలంటే ఫోన్, నిద్రపోవాలంటే ఫోన్ అన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

అయితే ఫోన్ హరామా? కాదు. అదొక సాధనం. దూరదేశంలో కష్టపడుతున్న తండ్రి ముఖాన్ని బిడ్డకు చూపేదీ అదే, ఖుర్ఆన్ పారాయణాన్ని వినిపించేదీ అదే. సాధనాన్ని బిడ్డకు పరిచయం చేయడం వేరు, బిడ్డను సాధనానికి అప్పగించడం వేరు. మన నూర్‌బాషా పెద్దలు దూది ఏకే విల్లును పిల్లలకు తమ పక్కన కూర్చోబెట్టుకొని నేర్పారు, చేతికిచ్చి వెళ్ళిపోలేదు. మిరప చేలకు కొట్టే పురుగుమందు డబ్బాను మనం పిల్లలకు అందనంత ఎత్తున ఉంచుతాం. రైతుకు అది అవసరమే, అయినా పసివాడి చేతికి ఇవ్వం.

సోదరులారా! పిల్లలకు ఒక విషయాన్ని ఎలా నేర్పాలో దైవప్రవక్త (స) జీవితంలోని ఒక చిన్న సంఘటన మనకు చూపుతుంది. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) ఆయన సంరక్షణలో పెరుగుతున్న బాలుడు. భోజన సమయంలో ఆ బాలుడి చేయి పళ్ళెమంతా తిరుగుతూ ఉండేది. ఆయన కోప్పడలేదు, పళ్ళెం లాక్కోలేదు. అల్లాహ్ పేరు తలచమని, కుడిచేతితో తినమని, తన ముందున్నదే తినమని చెప్పారు. అప్పటి నుండి తన భోజన పద్ధతి అదేనని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు (బుఖారీ, ముస్లిం).

ప్రవక్త (స) ఆ బాలుడితో పాటు అదే పళ్ళెం వద్ద కూర్చొని ఉన్నారు. మొదటి పాఠం ఇదే. ఆయన చెప్పిన మూడు మాటలనూ మనం ఫోన్ విషయంలో పాటించవచ్చు.

మొదటిది అల్లాహ్ పేరు. ఫోన్ తెరిచే ముందు బిస్మిల్లాహ్ అనిపించి, దేని కోసం తెరుస్తున్నామో బిడ్డకు చెప్పాలి. బిస్మిల్లాహ్ అని చూడలేనిదాన్ని అసలు తెరవకూడదు.

రెండవది కుడిచేయి, అంటే మర్యాద. భోజనం వద్ద, పడక మీద ఫోన్ ఉండరాదు. అజాన్ వినిపించగానే ఇంట్లో తెరలన్నీ ఆగిపోవాలి.

మూడవది తన ముందున్నది, అంటే హద్దు. పళ్ళెంలోని అన్నానికి ముగింపు ఉంటుంది. ఫోన్‌లో ఒక వీడియో ముగియగానే అడగకుండానే మరొకటి మొదలవుతుంది. ముగింపు లేనిదానికి ముగింపు పెట్టవలసింది పెద్దవారే. రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు ఒక గంట మించరాదని, అంతకన్నా తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రెండేళ్ళలోపు వారికి బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప తెర వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. బిడ్డ మాట నేర్చుకునేది తనకు బదులు పలికే ముఖాన్ని చూసి. వీడియోలోని బొమ్మ మాట్లాడుతుందే గాని బిడ్డ మాటకు బదులు పలకదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఒక తల్లి తన కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి)ను ఏదో ఇస్తానంటూ పిలిచినప్పుడు, ఏమివ్వదలిచావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరమని ఆమె చెప్పగా, ఏమీ ఇవ్వకుండా ఉంటే అది ఒక అబద్ధంగా వ్రాయబడేదని హెచ్చరించారు (అబూదావూద్). “ఛార్జింగ్ అయిపోయింది”, “ఫోన్ పాడైపోయింది” అని మనం పసివారితో చెప్పే మాటలు ఏ కోవకు వస్తాయో ఆలోచించండి. “చాలు నాన్నా, రేపు చూద్దాం” అనే నిజం చెప్పి బిడ్డ ఏడిస్తే, ఆ ఏడుపును ఓర్చుకోవడం కూడా శిక్షణే.

మిరప కోతలకు, పత్తి ఏరడానికి తెల్లవారకముందే వెళ్ళే తల్లులు మనలో ఉన్నారు. బిడ్డ గడప దాటకుండా ఉంటే చాలునని ఫోన్ ఇచ్చి వెళ్ళే ఆ తల్లిని నిందించడం మా ఉద్దేశం కాదు. ఆ బిడ్డ విషయంలో ఇరుగుపొరుగుకూ బాధ్యత ఉంది. మూడేళ్ళు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి చేర్చడంలో తోడ్పడండి. ఇంట్లో ఉన్న నానీలు, దాదీలు పక్కింటి బిడ్డను కూడా ఒక పూట దగ్గరకు తీసుకుంటే అది గొప్ప పుణ్యకార్యం.

తండ్రులారా! ఈ మాటలను ఇంటికి వెళ్ళి భార్యకు ఉపదేశంగా వినిపించి ఊరుకోకండి. దైవప్రవక్త (స) తన మనుమరాలు ఉమామాను ఎత్తుకొనే నమాజు చేశారు. సజ్దాలో దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు (బుఖారీ, ముస్లిం). మనమేమో ఇషా తర్వాత ఇంటికి చేరి, బిడ్డ చొక్కా పట్టుకొని లాగుతున్నా ఫోన్ నుండి తల ఎత్తం. బిడ్డ చేతిలోని ఫోన్‌ను దించాలంటే ముందు మన చేతిలోనిది దిగాలి. ఈ రాత్రి నుండే మగ్రిబ్, ఇషాల మధ్య సమయాన్ని పిల్లలకు కేటాయించండి. ఒక చిన్న సూరా, ఒక ప్రవక్త గాథ, కాసింత ఆట చాలు.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కంటి చలువగా చేయి. వారి చెవులను, కళ్ళను, హృదయాలను చెడు నుండి కాపాడు. నీవిచ్చిన ఈ అమానతును నెరవేర్చే ఓర్పును, తీరికను మాకు ప్రసాదించు. తీర్పుదినాన వారి విషయంలో మమ్మల్ని తలవంచుకునే స్థితిలో నిలబెట్టకు. ఆమీన్.