చిప్పింగ్ హ్యామర్, వైర్ బ్రష్: చిన్న పని కాదు

నేను ఐటీఐ చదివి గల్ఫ్‌కు వచ్చిన, ఇప్పుడు సైట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్న. ఈరోజు వెల్డింగ్ అయినంక చేసే క్లీనింగ్ గురించి మాట్లాడుకుందాం. కొత్త హెల్పర్ చేతికి ముందు ఇచ్చేది చిప్పింగ్ హ్యామర్, వైర్ బ్రష్. అందుకే అది చిన్న పని అనుకుంటరు.

7018 లాంటి రాడ్డుతో కొడితే ప్రతి రన్ మీద స్లాగ్ పొర కడుతది. అది తియ్యకుండా పైన ఇంకో రన్ వేస్తే లోపలే ఉండిపోతది. పైకి జాయింట్ బాగానే కనబడుతది, ఎక్స్‌రే తీస్తే నల్లగా బయటపడుతది. అప్పుడు గ్రైండర్‌తో తవ్వి మళ్లీ వెల్డింగ్ చెయ్యాలె.

స్లాగ్ ఎర్రగా ఉన్నప్పుడే కొట్టొద్దు. కొంచెం చల్లబడితే పెళ్లలుగా లేస్తది. హ్యామర్‌కు ఉలి లాంటి వైపు వెల్డింగ్ మీదికి, మొన ఉన్న వైపు అంచులకు, మూలలకు. గట్టిగా బాదితే మెటల్ మీద గాట్లు పడుతయి. దెబ్బ మీ ముఖం వైపు రావొద్దు, పక్కన మనిషి ఉన్న వైపు పోవద్దు. తర్వాత మెటల్ మెరిసేదాకా బ్రష్ కొట్టండి.

స్టెయిన్‌లెస్ పైపుకు స్టెయిన్‌లెస్ బ్రషే, అదీ వేరుగా పెట్టుకోవాలి. మామూలు ఇనుము మీద వాడిన బ్రష్ తగిలితే ఇనుప రవ్వలు అంటుకుని తుప్పు మచ్చలు వస్తయి.

ఇప్పుడు అసలు మాట. వెల్డింగ్ చేసేటప్పుడు అందరూ హెల్మెట్ దించుతరు. స్లాగ్ కొట్టేటప్పుడు చూడడానికి పైకి ఎత్తుతరు. ముక్క ఎగిరేది సరిగ్గా అప్పుడే. అందుకే హెల్మెట్ లోపల తెల్ల సేఫ్టీ గ్లాసులు ఉండాలి, పక్కనున్న హెల్పర్‌కు కూడా. గ్రైండర్‌కు కప్ బ్రష్ పెడితే పైన ఫేస్ షీల్డ్ కూడా కావాలి. చిన్న గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతది. బ్రష్ మీద రాసిన స్పీడ్ అంతకన్నా తక్కువుంటే పెట్టొద్దు, తీగలు ఊడి సూదుల్లా వస్తయి.

కంట్లో ఏదన్నా పడితే నలపొద్దు. రూమ్‌లో దోస్తుతో గుడ్డ కొనతో తీయించుకోవద్దు. ఇనుప ముక్క కొన్ని గంటల్లోనే కంట్లో తుప్పు పడుతది. జీతం కోస్తరేమోనని దాచొద్దు. అదే రోజు క్లినిక్‌కు పోండి, దెబ్బ సైట్‌లో తగిలిందని రాయించండి. ఊర్లో ఇంటోళ్లకు మీరు పంపే పైసలు ఈ కండ్ల మీదనే నడుస్తున్నయి.

గ్లాసులకు గీతలు పడితే రేపే స్టోర్‌లో మార్చమని అడగండి. మొహమాటం వద్దు. ఉంట మరి.