మా ఇంటి కొత్త అటెండరు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జడ్చర్లలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం కరువు భత్యం గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు ఇల్లు ఊడ్చి తుడిచే రోబో గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏడాదిగా అటువంటి యంత్రమొకటి మా ఇంట్లో ఉండటమే కారణం. పట్నంలోనో, విదేశాల్లోనో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు కొని పంపే వస్తువులలో ఇప్పుడు ఇదీ చేరింది. రేపు మీ ఇంటికీ రావచ్చు. కనుక మంచీ చెడ్డా రెండూ చెబుతాను.

మన ఊరి దుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు. ఒక పక్క 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకో పక్క బాదేపల్లి మార్కెట్ యార్డుకు వచ్చీపోయే బండ్లు, చుట్టూ చెలక నేలల ఎర్రమన్ను. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి బండల మీద వేలితో పేరు రాయవచ్చు. డెబ్బై దాటిన మోకాళ్ళతో వంగి పొరక పట్టటం నా శ్రీమతి వల్ల కాదు, నా వల్ల అసలే కాదు.

గాలితో దుమ్మును లాగే యంత్రం కొత్తదేమీ కాదు. 1901లో లండనులో బూత్ అనే ఇంజనీరు చేసిన యంత్రాన్ని గుర్రపు బండి మీద వీధిలో నిలిపి, కిటికీలలో నుండి గొట్టాలు లోపలికి పంపి ఇల్లు శుభ్రం చేసేవారట. మన దేశంలో 1980ల నుండి యురేకా ఫోర్బ్స్ సేల్స్‌మెన్లు టై కట్టుకుని ఇంటింటికీ వచ్చి వాక్యూమ్ క్లీనర్ చూపించిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. తనంతట తాను తిరిగే యంత్రాన్ని 2001లో స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ వారు, 2002లో అమెరికాకు చెందిన ఐరోబోట్ వారు అమ్మకానికి పెట్టారు. ఐరోబోట్ వారి రూంబాతోనే ఇది లోకమంతా తెలిసింది.

చూడటానికి పెద్ద పళ్ళెం బోర్లించినట్లుంటుంది. జానెడున్నర వెడల్పు, నాలుగు వేళ్ళ ఎత్తు. కింద ఒక గుండ్రటి బ్రష్షు, పక్కన మూలల్లోని చెత్తను లోపలికి నెట్టే చిన్న చీపురు, వెనుక తడిగుడ్డ, దానికి నీళ్ళ డబ్బా. నెత్తి మీద చిన్న గోపురం వంటిది తిరుగుతూ లేజరు కిరణాన్ని నాలుగు దిక్కులకూ పంపి, అది తగిలి తిరిగి వచ్చే తీరును బట్టి గోడ ఎంత దూరమో లెక్క కడుతుంది. ఆ లెక్కలతో ఇంటి పటం తయారు చేసుకుంటుంది. మన సర్వేయర్లు గొలుసు పట్టుకుని మూడు రోజులు చేసే పనిని ఇది ఒక్క తిరుగుడులో ముగిస్తుంది. మెట్టు వస్తే పడిపోకుండా అడుగున కంటికి కనిపించని కాంతితో పనిచేసే సెన్సార్లుంటాయి. బ్యాటరీ తగ్గితే తన స్థానానికి తానే వెళ్ళి చార్జి తీసుకుంటుంది. మనం ఉద్యోగంలో ఉండగా చార్జి తీసుకోవటానికి ఎన్ని కాగితాలు రాయవలసి వచ్చేదో! కరెంటు ఖర్చు స్వల్పం. ధర మాత్రం మోడలును బట్టి పదిహేను, ఇరవై వేల నుండి లక్ష దాకా ఉన్నది.

ఇక ఈ అటెండరు చేయని పనులు వినండి. గడప దాటదు. రెండు సెంటీమీటర్లు మించిన ఎత్తు చాలా యంత్రాలు ఎక్కలేవు. పసుపు రాసి బొట్లు పెట్టిన మన పాత గడపలు దీనికి కోటగోడలే. గది మారినప్పుడల్లా చేతులతో ఎత్తి పెట్టాలి. నల్లటి నేలను చూసి గొయ్యి అనుకుని ఆగిపోయేవి కూడా ఉన్నాయి. తాండూరు బండల ఇంట్లో మాకు ఆ ఇబ్బంది రాలేదు గానీ, నల్ల గ్రానైటు వేయించుకున్న వారు కొనే ముందు చూసుకోవాలి. పూజగదిలో ముగ్గుకూ చెత్తకూ దీనికి తేడా తెలియదు. ఫోను చార్జరు తీగ, కాలిపట్టాల అంచు, ఆడవాళ్ళ తలవెంట్రుకలు బ్రష్షుకు చుట్టుకుంటాయి. వారానికొకసారి తిరగేసి కత్తెరతో తీయాలి. బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుని సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. వడపోసిన నీళ్ళు మంచివి. కంపెనీ వారు చెప్పనిదే ఫినాయిలు పోయరాదు.

మన వయసు వారు పాటించవలసిన జాగ్రత్తలు మూడు. మొదటిది, ఇది తిరిగేటప్పుడు మనం తిరగరాదు. కాళ్ళకు అడ్డం వస్తే పడతాము. తడిగుడ్డ వేసిన తరువాత నేల ఆరేదాకా కుర్చీలోనే కూర్చోవాలి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో ఇక్కడున్న వారికి చెప్పనక్కరలేదు. రాత్రిపూట దీన్ని నడపనే వద్దు.

రెండవది, కెమెరా ఉన్నదా లేదా అని అడగండి. ప్రయోగదశలో ఉన్న రోబోలు, పరీక్షకు ఒప్పుకున్న వారి ఇళ్ళలో 2020లో తీసిన ఫోటోలు కొన్ని సోషల్ మీడియా గ్రూపులకు ఎక్కినట్లు 2022 డిసెంబరులో ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టింది. వాటిలో స్నానాల గదిలోని స్త్రీ ఫోటో కూడా ఉన్నది. లేజరుతో మాత్రమే నడిచేది మనకు చాలు.

మూడవది, ఫోను లేకుండా, మీద ఉన్న బటన్ నొక్కితే పనిచేస్తుందో లేదో చూసి కొనండి. రూంబా చేసిన ఐరోబోట్ అంతటి కంపెనీయే 2025 డిసెంబరులో దివాలా చట్టం కింద కోర్టుకు వెళ్ళింది. కంపెనీ ఏమైనా మన బటన్ మన చేతిలో ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. యంత్రం వచ్చిన రోజున, పన్నెండేళ్ళుగా మా ఇంట్లో పని చేస్తున్న అమ్మ దాని వైపు చాలాసేపు చూసి, "అమ్మా, రేపటి సంది నేను రావొద్దా?" అని నా శ్రీమతిని అడిగింది. కొందరు మిత్రులు కూడా, "ఇంకా ఆమెకెందుకండీ జీతం, మిగుల్చుకోండి" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ప్రతి ఇంట్లోనూ చెప్పుకోవలసిందే.

రోబో అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం ద్వారా లోకానికి తెలిసింది. వారి భాషలో రొబోటా అంటే దొర భూమిలో చేయవలసిన నిర్బంధపు చాకిరి. మన తెలంగాణ మాటలో చెప్పాలంటే వెట్టి. నిజాం కాలంలో వెట్టి ఎట్లుండేదో మన తాతలు చెప్పగా విన్నాము. ఇనుముతో, ప్లాస్టిక్‌తో చేసిన వస్తువు వెట్టి చేస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ దాని పేరు చెప్పి, పన్నెండేళ్ళు చాకిరి చేసిన మనిషిని ఒక్క మాటతో పొమ్మంటే ఆ పన్నెండేళ్ళూ వెట్టి కిందికే వస్తాయి.

ఈ రోజును మనం ఎందుకు జరుపుకుంటున్నాము? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ యజమాని దయతో వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పినందుకు. ఆ తీర్పు వల్ల మనం ఒకటో తారీఖున తలెత్తుకుని బ్యాంకుకు పోతున్నాము. మన అంట్లు తోమి, ఇల్లు ఊడ్చిన మనిషికి పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, సర్వీసు రిజిష్టరు అసలే లేదు. ఆమె సేవకు సాక్షులం మనమే.

నా శ్రీమతి రెండు నిమిషాల్లో ఉత్తర్వులు జారీ చేసింది. బండలు యంత్రానివి. వాకిలి, అంట్లు, మూలల బూజు, యంత్రం చేరలేని గడప అవతలి పనులు ఆమెవి. జీతం పాతదే, పండుగకు చీర మామూలే. ఆమెకూ నడుము నొప్పి ఉన్నది. వంగి తుడిచే పని తప్పినందుకు ఇప్పుడు అందరికన్నా ఎక్కువగా ఆ యంత్రాన్ని మెచ్చుకునేది ఆమే. దాని బ్రష్షులో వెంట్రుకలు తీయటం కూడా ఆమే నేర్చుకున్నది.

ఇంకొక్క మాట. ఒంటరిగా ఉంటున్న పెన్షనర్లు ఇది బాగా ఆలోచించాలి. మనం తూలి కింద పడితే, ఆ యంత్రం మనల్ని ఒక అడ్డుగా లెక్కవేసి పక్కనుండి ఊడ్చుకుంటూ పోతుంది. పనికి వచ్చే మనిషి మాత్రం తలుపు తీయకపోతే పక్కింటి వారిని పిలుస్తుంది. చాయ్ తాగలేదేమని అడుగుతుంది. ముఖం వాడిపోతే పిల్లలకు ఫోను చేయమంటుంది. ఆ పని చేసే మోడలు ఇంతవరకు మా ఇంటికి రాలేదు.

కాబట్టి పిల్లలు రోబో కొనిస్తామంటే వద్దనకండి. సంతోషంగా తీసుకోండి, మోకాళ్ళను కాపాడుకోండి. దానితో పాటు ఇంట్లో పనిచేసే అమ్మకు పని భారం తగ్గించండి గానీ జీతం తగ్గించకండి.