ఏరు అంటే నీళ్లు: మన పిల్లలకు తెలుగు రెండో భాష

(ఏజెన్సీ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"రెండో భాష తరగతిలో ఉపాధ్యాయుని పాత్ర" మీద మాట్లాడమన్నారు. ఈ టైటిల్ బీఈడీ పుస్తకంలోనిదే. ఆ పుస్తకంలో రెండో భాష అంటే హిందీ, లేకుంటే ఇంగ్లీషు. మన గూడేల్లో రెండో భాష అంటే తెలుగు. పాఠం రాసినాయనకు తెలుగు అమ్మభాష, పరీక్ష పేపరు తయారుచేసినాయనకు అమ్మభాష, చాలాచోట్ల చెప్పే సారుకూ అమ్మభాషే. కింద కూర్చున్న పిల్లకు మాత్రం కాదు. అయినా ఆ పిల్లకు తెలుగును అమ్మభాష లెక్కనే చెప్తున్నాం. నా గొడవంతా దీని మీదే.

ఒకటో తరగతి వాచకం తీయండి. 'ఇ' అక్షరం పక్కన ఇల్లు బొమ్మ ఉంటది. బొమ్మ చూస్తే పేరు గుర్తుకు రావాలి, పేరు గుర్తొస్తే మొదటి శబ్దం రావాలి, ఆ శబ్దంతో అక్షరం పట్టుబడాలి. ఆ పద్ధతి నడిచేది ఇట్లా. ఇప్పుడు గోండి పిల్లకు ఆ బొమ్మ చూపించి ఇదేంటి అని అడగండి. "రోన్" అంటది. జవాబు నూటికి నూరుపాళ్లు కరెక్టు. కానీ 'ఇ' ఎక్కడుంది? పిల్లకు తెలివి లేదని సారు అనుకుంటాడు. సారుకు ఏం కావాల్నో పిల్లకు అర్థం కాదు. ఇట్లా యాభై ఆరు అక్షరాలు పోతే ఏడాది పోయినట్టే.

ఇంకోటి చూడండి. గోండిలో, కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. పాఠంలో "ఏరు దాటి వెళ్లారు" అని వస్తే మన పిల్ల ఏం ఊహించుకోవాలి? నీళ్లు దాటి వెళ్లారు అనుకుంటది. దాదాపు సరిపోతది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సగం అర్థమై సగం కాకుండా ఉండే ఈ మాటలే ప్రమాదం. అసలు తెలియని మాటైతే పిల్ల కనీసం అడుగుతది.

అదే సమయంలో ఆ రెండు మాటలు చుట్టాలని కూడా తెలిసిన టీచరు ఉంటే ఆట మారిపోతది. గోండిలో రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడతారు. పలుకు ఊరూరికీ కొంచెం మారుతది. రెండు, మూడు, నాలుగుకు అవి ఎంత దగ్గరో చూడండి. లెక్కల క్లాసు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. సవర పిల్లలకు ఈ వంతెన లేదు. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబం భాష. సంతాలీ, ముండారీ దాని బంధువులు. కాబట్టి ఉట్నూరులో పనిచేసే ఉపాయం సీతంపేటలో పనిచేయదు. గిరిజన పిల్లలకు తెలుగు అని ఒకే మాడ్యూల్ కొట్టి అన్ని ఐటీడీఏలకూ పంపితే ఇదే చిక్కు.

తప్పుల సంగతికి వద్దాం. గోండి పిల్ల "అక్కలు వచ్చినయ్" అంటది. క్లాసంతా నవ్వుతది, ఒక్కోసారి సారు కూడా. పశువుల గురించి మాట్లాడినట్టు మాట్లాడుతుందని అంటారు. కొంచెం ఆగి చూద్దాం. తెలుగులో "అమ్మ వచ్చింది", "ఆవు వచ్చింది". ఒక్కరైతే ఆడమనిషికీ ఆవుకూ ఒకటే క్రియ. తెలుగువాళ్లకు ఇక్కడ నవ్వు రాదు. ఎక్కువమంది అయితే మాత్రం "అక్కలు వచ్చారు", "ఆవులు వచ్చాయి" అని విడిపోతది. గోండిలో అట్లా విడిపోదు. ఒక్కరైనా పదిమందైనా మగవాళ్లు ఒక దిక్కు, మిగిలినవన్నీ ఇంకో దిక్కు. ఆ పిల్ల తన భాష వ్యాకరణాన్ని పద్ధతిగా తెలుగుకు తొడిగింది. మెదడు పనిచేస్తుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? ఎర్ర పెన్ను పెట్టి కొట్టేయడం ఎవరైనా చేస్తారు. టీచరు చేయాల్సింది, "అవునా, అక్కలు వచ్చారా? ఎందుకు వచ్చారు?" అని సరైన రూపాన్ని మాటల్లోనే తిరిగి చెవిన వేయడం. పదిసార్లు వింటే పదకొండోసారి పిల్లే అంటది.

మౌనం గురించి కూడా చెప్పాలి. కొత్త భాషలో పడ్డ పిల్ల కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు నోరు తెరవదు. వింటూ ఉంటది, లోపల పోగేసుకుంటూ ఉంటది. రెండో భాష మీద పనిచేసిన స్టీఫెన్ క్రాషెన్ లాంటివాళ్లు దీన్ని నేర్చుకోవడంలో ఒక దశగానే చూశారు. మన రిజిస్టర్లలో మాత్రం ఆ పిల్ల పక్కన "స్లో లెర్నర్" అని పడుతది. మాట్లాడమని నిలబెట్టొద్దు. "తలుపు తియ్యి", "పలక తీసుకురా", "రెండు ఆకులు చూపించు" అనండి. చేసి చూపిస్తది. అర్థమైందని మీకు తెలిసిపోతది, ఆ పిల్లకూ తెలుస్తది.

ఇంకో మోసం ఉంది. హాస్టల్లో చేరిన రెండేళ్లకు పిల్లలు టకటకా తెలుగు మాట్లాడేస్తారు. ఇక భాష వచ్చేసిందని మనం నిశ్చింతగా ఉంటాం. కెనడాలో వలస కుటుంబాల పిల్లలను చూసి జిమ్ కమ్మిన్స్ చెప్పిందేమిటంటే, ఆటల్లో మాట్లాడే భాష రెండేళ్లలో వస్తుంది, పాఠం అర్థం చేసుకునే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. "అన్నం పెట్టక్కా" అనడం వేరు, "బాష్పీభవనం రేటును ప్రభావితం చేసే అంశాలు" చదవడం వేరు. మనవాళ్లు హైస్కూల్లో సైన్సు, సోషల్ దగ్గర తడబడి బడి మానేస్తే పోడు పనికి పోయారనో, తునికాకు సీజన్ అనో రాసుకుంటాం. అవీ ఉంటాయి. భాష కారణం అని రాసే గడి మాత్రం ఆ ఫారంలో కనబడదు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి, నేను వద్దనను. అది వాళ్లకు మూడో భాష అని మాత్రం చెప్తున్నా.

ఇదంతా కొత్త సంగతి కాదు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు, మన ఆశ్రమ పాఠశాలల్లో కూడా చేస్తారు. అదే గిడుగు పర్లాకిమిడి దగ్గర సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించే బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆ రోజు స్టేజీ మీద ఈ మాట ఎంతమంది చెప్తారు? మన ఆదిలాబాద్ వైపు, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ మొదలుపెట్టించారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు తెచ్చారు. ఇంటి భాషతో మొదలై పైకి వెళ్లేకొద్దీ తెలుగు పెంచే పద్ధతి. పుస్తకాలు వచ్చాయి గానీ ఆ భాష చదివి చెప్పే టీచరు ప్రతి బడిలో లేడు.

టీచరు ఎవరన్న ప్రశ్న ఇక్కడే వస్తది. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3, షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతుతో నిలిచాయి. ఆ తీర్పు మీద బయట చర్చంతా శాతాల లెక్కే. వంద ఎట్లా ఇస్తారు, యాభై దాటొచ్చా అని. ఒకటో తరగతిలో పిల్ల "రోన్" అంటే అర్థమయ్యే మనిషి ఆ గదిలో ఉండాలా వద్దా అన్నది పక్కకు పోయింది. జీవో 3 పునరుద్ధరణ కోసం మనం కొట్లాడుతున్నాం, కొట్లాడుతాం. దాంతోపాటు ఒక నిష్ఠూరం మాట మన వాళ్లకూ చెప్పాలి. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పిల్ల భాష వచ్చినట్టు కాదు. కోయ సారును తీసుకెళ్లి సవర ఊళ్లో వేస్తే ఆయనా పరాయివాడే. మనలోనే టౌన్లో పెరిగి, అమ్మభాష మాట్లాడటానికి సిగ్గుపడి, క్లాసులో "తెలుగులో మాట్లాడు" అని గద్దించేవాళ్లు లేరా? అటుపక్క, ఆదివాసీ కాకపోయినా ఊళ్లోనే ఉండి రెండేళ్లలో కువి నేర్చుకున్న టీచర్లూ ఉన్నారు. అందుకే పోస్టుకు భాష కూడా అర్హత కావాలని అడుగుదాం. ఆ ఊరి భాషలో మాట్లాడే పరీక్ష పెట్టమందాం. అట్లా పెడితే మన పిల్లలే ముందుంటారు.

చట్టం మన వైపు లేదనుకోవద్దు. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రాథమిక దశలో అమ్మభాషలో చదువుకు వసతులు కల్పించమంటది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా అదే చెప్తూ "ఆచరణ సాధ్యమైనంత వరకు" అని ఒక తోక తగిలించింది. ఏ ఆఫీసుకు పోయినా ముందు ఆ తోకే చూపిస్తారు. సాధ్యమేనని చూపించాల్సింది మన బడుల్లోనే.

రేపటి నుంచి జీవో అక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. ఏ పిల్ల ఇంట్లో ఏ భాష అనేది హాజరు పట్టీ పక్కన రాసుకోండి. కొన్ని ఊళ్లల్లో ఒకే క్లాసులో మూడుంటాయి. ఇంటి భాష మాట్లాడితే జరిమానా, గుంజీలు లాంటివి ఏ హాస్టల్లో ఉన్నా వెంటనే మాన్పించండి, మానకపోతే మనకు చెప్పండి. పాఠం ముందు ఇంటి భాషలో రెండు నిమిషాలు చెప్పించండి. మీకు రాకపోతే ఐదో తరగతి పిల్లతో చెప్పించండి. మీకు తెలియనిది ఆ పిల్లకు తెలుసని క్లాసంతా చూడటం మంచిదే. ఇప్పపువ్వు ఏరడం గురించి ఊరి అవ్వను పిలిచి చెప్పించి, ఆ మాటలనే బోర్డు మీద రాసి, వాటి పక్కన తెలుగు మాట రాయండి. గోండిలో గుంజాల లిపి ఉంది, 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. వచ్చినవాళ్లు దాంట్లో రాయండి. రానివాళ్లు తెలుగు లిపిలో రాయండి, లిపి తగువు పెట్టుకుని ఆగొద్దు.

భోజనాలయ్యాక గుంపులుగా కూర్చుందాం. గోండి, కోయ వాళ్లు చెట్టు కింద, కొలామీ వాళ్లు వరండాలో, బంజారా వాళ్లు ఈ హాల్లోనే. ఒక్కో గుంపుకు ఒకటో తరగతి తెలుగు వాచకం ఇస్తాం. బొమ్మకూ అక్షరానికీ మీ భాషలో ఎక్కడ కుదరదో పేజీ పేజీకీ రాసి, సాయంత్రం నాలుగింటిలోపు ఇక్కడ ఇవ్వండి. అవన్నీ కలిపి పీవో గారి దగ్గరికి తీసుకుపోదాం.