ముగ్గురాయి ఊళ్లో పదో తరగతి

ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయికి ప్రపంచమంతా పేరుంది. చమురు బావుల తవ్వకానికి ఈ రాయి విదేశాలకు వెళ్తుంది. ఆ రాళ్ల మధ్య కూలి చేసుకునే ఇంట్లో పదో తరగతి చదివే పిల్లకు లెక్క తట్టకపోతే అడిగేందుకు ఎవరూ ఉండరు. వంట, టీవీ, పడక అన్నీ ఒకే గదిలో. తల్లి పనికెళ్తే తమ్ముణ్ణి చూసుకోవాల్సిందీ ఆ పిల్లే. ట్యూషన్ మాటెక్కడిది? హాజరు తగ్గుతుంది, మార్కులు జారతాయి.

విద్యాహక్కు చట్టం భరోసా 14 ఏళ్ల దాకానే. చదువు మానేసే గండం ఆ తర్వాతే ఎక్కువ. ఆడపిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు ఉచిత వసతి, భోజనం ఇస్తున్నాయి. ఇంటి దగ్గరే ఉండి చదివే పిల్లలకు మాత్రం సాయంత్రం బడిలో ఒక గది, లైటు, సందేహం తీర్చే మాస్టారు కావాలి. తల్లిదండ్రులారా, బడి కమిటీ సమావేశంలో అడగండి.